చిన్నపిల్లలకి ఫోన్‌లో ఏ యాప్ వెయ్యాలి? తరచుగా అడిగే ప్రశ్నలు

పిల్లలకి మంచి యాప్‌లు చెప్పమని అడిగేవాళ్ళ సందేహాలు ఇంచుమించు ఒకేలా ఉంటాయి. మళ్ళీ మళ్ళీ అవే వస్తుంటే అన్నీ ఒకచోట పెట్టడం మేలనిపించింది. ఇవి ముఖ్యంగా ఆరేడేళ్ళ లోపు పిల్లల తల్లిదండ్రుల కోసం. వరసగా చదవక్కర్లేదు, మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్ళిపోండి. ఏ జవాబులోనైనా నేను ముఖ్యంగా చూసేది ఒకటే: యాప్ తెరిచి ఉన్నంతసేపూ పిల్లలు ఏం చేస్తున్నారు, ఆలోచిస్తున్నారా, మాట్లాడుతున్నారా, లేక ఊరికే నొక్కుతున్నారా అని.

## యాప్ వెతకడానికి ముందు

మా పాపకి ఏడాదిన్నర. ఇప్పుడే ఏదైనా లెర్నింగ్ యాప్ మొదలుపెట్టొచ్చా?

వద్దండీ, ఇంకా ఆగండి. రెండేళ్ళ లోపు పిల్లలకి కూర్చోబెట్టి స్క్రీన్ చూపించడం మంచిది కాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ఇచ్చిన మార్గదర్శకాల్లో ఉంది. అసలు కారణం ఏంటంటే, ఆ వయసు పిల్లలు తెర మీద చూసింది బయటికి తెచ్చుకోలేరు. ఒక బొమ్మని ఎలా విప్పాలో మనం ఎదురుగా చేసి చూపిస్తే ఇట్టే చేసేస్తారు, అదే పని వీడియోలో చూపిస్తే తడబడతారు. పిల్లల మీద పరిశోధన చేసేవాళ్ళు దీన్ని చాలాసార్లు గమనించారు. ఊళ్ళో లేని అమ్మమ్మతోనో తాతయ్యతోనో వీడియో కాల్ మాట్లాడించడం మాత్రం వేరే సంగతి, అవతల మనిషి పాప నవ్వుకి నవ్వుతారు, పిలిస్తే పలుకుతారు కాబట్టి దాన్ని అమెరికా పిల్లల డాక్టర్ల సంఘం కూడా ఈ వయసులో మినహాయించింది.

మూడేళ్ళ బాబుకి రోజుకి ఎంతసేపు ఇవ్వొచ్చు?

రెండు నుంచి నాలుగేళ్ళ వాళ్ళకి రోజు మొత్తం మీద గంటకి మించకూడదు, తగ్గితే ఇంకా మంచిది అని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటలో టీవీ కూడా కలిసే ఉంటుందని చాలామంది మర్చిపోతారు. టీవీ ముప్పావుగంట చూస్తే ఇక యాప్‌కి మిగిలింది పావుగంటే. నిజానికి మూడేళ్ళ పిల్లలకి ఒక విడతకి పది పదిహేను నిమిషాలు చాలు, తర్వాత చూస్తే అర్థం చేసుకుని ఆడటం పోయి వేళ్ళు మాత్రమే కదులుతుంటాయి. పడుకునే ముందు గంటసేపు అసలు వద్దు.

యాప్‌లు వాడకపోతే మా వాడు మిగతా పిల్లలకంటే వెనకబడిపోతాడేమో?

వెనకబడడు. ఈ టెన్షన్ అస్సలు పెట్టుకోకండి. అక్షరాలు, లెక్కలు, రంగులు, ఇవన్నీ మాటల్లో, ఆటల్లో, పుస్తకాల్లో యాప్ లేకుండానే వస్తాయి. ఫోన్ వాడటం అనే నైపుణ్యం మిస్సవుతాడని భయమా? దానికి ఒక వారం చాలు. యాప్ అనేది ఉంటే ఉపయోగపడే అదనపు వస్తువు, అంతే.

ఫోన్ మంచిదా, ట్యాబ్ మంచిదా?

ఇంట్లో ఉంటే ట్యాబే. తెర పెద్దది కాబట్టి ఇద్దరు కలిసి చూడొచ్చు, చిన్న వేళ్ళకి బటన్లు అందుతాయి, మధ్యలో కాల్స్ మెసేజ్‌లు రావు. దీనికోసమని కొత్తగా ట్యాబ్ కొనాల్సిన అవసరం మాత్రం లేదు.

## స్టోర్‌లో వెతికేటప్పుడు

'ఎడ్యుకేషనల్' అని రాసుంది కదా, నమ్మొచ్చా?

ఆ మాట ఎవరైనా రాసుకోవచ్చు. 2015లో కొందరు పిల్లల మనస్తత్వ శాస్త్రవేత్తలు, క్యాథీ హిర్ష్-పాసెక్ వాళ్ళంతా కలిసి, నిజంగా నేర్పే యాప్‌కి నాలుగు లక్షణాలు ఉండాలని చెప్పారు. పిల్లల బుర్ర పనిచెయ్యాలి, ఊరికే నొక్కడం లెక్కలోకి రాదు. ధ్యాస చేసే పని మీదే నిలవాలి, పక్కన గంతులేసే బొమ్మలు లాగెయ్యకూడదు. నేర్చుకునేది పిల్లల జీవితంలో ఉన్నదానికి ముడిపడాలి. ఇంకో మనిషితో మాట్లాడుకునే వీలుండాలి. 2021లో ఇదే కొలతతో 124 యాప్‌లని, స్టోర్లలో బాగా పైన కనిపించే ఎడ్యుకేషనల్ యాప్‌లనే, పరీక్షించి చూస్తే సగానికి పైగా తక్కువ స్థాయిలోనే తేలాయి. కాబట్టి పేరులో 'లెర్నింగ్', 'ప్రీస్కూల్', 'బ్రెయిన్' లాంటి మాటలు ఉన్నంత మాత్రాన దానికి మార్కులేమీ వెయ్యకండి.

4+ అని ఉంది. అంటే నాలుగేళ్ళ వాళ్ళకి సరిపోతుందనే కదా?

కాదు, దీని దగ్గర చాలామంది పొరబడతారు. ఆపిల్ స్టోర్‌లో 4+ అంటే అందులో హింస, బూతు లాంటి అభ్యంతరకరమైనవి లేవని మాత్రమే అర్థం. లెక్కలు చూసుకునే క్యాలిక్యులేటర్‌కి కూడా 4+ అనే ఉంటుంది. పిల్లల కోసం ప్రత్యేకంగా చేసిందో లేదో తెలియాలంటే 'కిడ్స్' విభాగంలో చూడండి, అక్కడ 5 ఏళ్ళ లోపు, 6–8, 9–11 అని వేరువేరుగా ఉంటాయి. ఆ విభాగంలో ఉన్న యాప్‌లో బయటి లింకు గానీ కొనే బటన్ గానీ ఉంటే పెద్దవాళ్ళు మాత్రమే దాటగలిగే అడ్డు ఒకటి ఉండాలనేది ఆపిల్ నిబంధన.

ప్లే స్టోర్‌లో 'టీచర్ అప్రూవ్డ్' గుర్తు ఉంటే వేసెయ్యొచ్చా?

వెతుకులాట మొదలుపెట్టడానికి మంచి చోటు. 2020లో గూగుల్ దీన్ని తెచ్చింది, టీచర్లు, పిల్లల నిపుణులు ఆ యాప్‌ని చూసి వయసుకి తగ్గట్టుందా, ఆకట్టుకునేలా ఉందా అని రేటింగ్ ఇస్తారు. వందలకొద్దీ చెత్త మధ్య నుంచి ఓ ఇరవై యాప్‌లని పక్కకి తియ్యడానికి ఇది బాగా పనికొస్తుంది. కానీ ఆ గుర్తు ఉన్నా యాడ్స్ ఉండొచ్చు, లోపల కొనమని అడగొచ్చు. ఆ వివరాలు యాప్ పేజీలో పేరు కిందే చిన్న అక్షరాల్లో రాసుంటాయి, ఇన్‌స్టాల్ నొక్కే ముందు ఆ ఒక్క లైను చదవండి.

రేటింగ్ 4.6, డౌన్‌లోడ్లు కోట్లలో. ఇంకేం చూడాలి?

ఒకటి రెండు చుక్కల రివ్యూలు చదవండి. ఐదు చుక్కల్లో 'సూపర్', 'నైస్ యాప్' తప్ప ఏమీ దొరకదు, కోపంగా రాసినవాళ్ళే వివరంగా రాస్తారు. 'మూడు ఆటలు అయ్యాక లాక్ పడింది', 'అప్‌డేట్ అయ్యాక యాడ్స్ పెరిగాయి', 'క్యాన్సిల్ చేసినా డబ్బు కట్ అయింది' లాంటివి రెండు మూడు చోట్ల కనిపిస్తే వదిలెయ్యండి. తర్వాత తయారుచేసినవాళ్ళ పేరు మీద నొక్కి వాళ్ళ మిగతా యాప్‌లు చూడండి. ఒకే ఆటని రంగులు, పేర్లు మార్చి నలభై సార్లు పెట్టినవాళ్ళయితే వాళ్ళ ఉద్దేశం ఏంటో మీకే తెలిసిపోతుంది.

యాడ్స్ లేకుండా, ఉచితంగా, నిజంగా బాగున్నవి నాలుగు చెప్పండి.

ఖాన్ అకాడమీ కిడ్స్: లాభాపేక్ష లేని సంస్థది, 2 నుంచి 8 ఏళ్ళ వాళ్ళకి, యాడ్స్ లేవు, సబ్‌స్క్రిప్షన్ లేదు. ఇంగ్లీషు అక్షరాలు, లెక్కలు, కథలు అన్నీ ఒకేచోట ఉంటాయి కాబట్టి ఒక్కటే వెయ్యాలంటే ముందు దీన్నే చెబుతాను.

స్క్రాచ్‌జూనియర్: 5 నుంచి 7 ఏళ్ళ వాళ్ళకి. రంగురంగుల దిమ్మెల్లాంటి ఆదేశాలు ఒకదాని పక్కన ఒకటి పేర్చితే పిల్లి నడుస్తుంది, గెంతుతుంది. చదవడం రాకపోయినా తమ సొంత కథ తయారుచేసుకోవచ్చు. 2014లో ఎంఐటీ, టఫ్ట్స్ యూనివర్సిటీ వాళ్ళు కలిసి తెచ్చారు. నాకు దీని మీద ప్రత్యేకమైన ఇష్టం, ఎందుకంటే ఇందులో 'తప్పు సమాధానం' అనేదే ఉండదు, అనుకున్నది జరగకపోతే ఎందుకు జరగలేదో పిల్లలే వెతుక్కుంటారు.

జీకాంప్రీ: వందకి పైగా చిన్న ఆటలున్న ఓపెన్‌సోర్స్ యాప్, అంటే దాని కోడ్ అందరికీ తెరిచి ఉంటుంది. చూడ్డానికి పాతగా ఉంటుంది, కానీ దేనికీ డబ్బులు అడగదు, నెట్ అక్కర్లేదు.

టక్స్ పెయింట్: బొమ్మలు వేసుకోవడానికి. ఇది కూడా ఓపెన్‌సోర్సే, 2002 నుంచి ఉంది.

తెలుగు కథలు కావాలంటే ప్రథమ్ బుక్స్ వాళ్ళ స్టోరీవీవర్ వెబ్‌సైట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు, బొమ్మలు చాలా బాగుంటాయి. మీరు చదివి వినిపించడానికి ఇంతకంటే తేలికైన దారి లేదు.

## వేశాక, పిల్లల చేతికి ఇచ్చే ముందు

నేను ముందుగా ఆడి చూడాలా? ఏం చూడాలో తెలియట్లేదు.

తప్పకుండా ఆడండి, పది నిమిషాలు చాలు. ఆడేటప్పుడు కావాలని తప్పులు చెయ్యండి. ఒక యాప్ ఎలాంటిదో తప్పు చేసినప్పుడే బయటపడుతుంది.

ఉదాహరణకి తెర మీద ఐదు చేపలు ఉన్నాయి, కింద 3, 5, 8 అని బుడగలు ఉన్నాయి, ఎన్ని చేపలో చెప్పమంది. మీరు 8 నొక్కండి. నాసిరకం యాప్‌లో టింగుమని ఒక మోత, అంతే, తర్వాత 3 నొక్కితే ఇంకో మోత, ఇక మిగిలింది 5 కాబట్టి అది నొక్కగానే రంగు కాగితాలు, చప్పట్లు, బంగారు నాణేలు. పిల్లలకి ఇక్కడ తెలిసిందేంటంటే, అన్నీ నొక్కుకుంటూ పోతే ఎప్పుడో ఒకప్పుడు చప్పట్లు వస్తాయని. మంచి యాప్‌లో 8 నొక్కితే చేపలు ఒక్కొక్కటీ వెలుగుతూ 'ఒకటి, రెండు, మూడు…' అని లెక్క వినిపిస్తుంది, తర్వాత మళ్ళీ అడుగుతుంది, కొన్ని యాప్‌లు బుడగల చోటు కూడా మారుస్తాయి. అదే చేపలు, అదే ప్రశ్న, కానీ రెండో దాంట్లో తప్పు చేసిన పిల్లాడికి లెక్కపెట్టడం ఎలాగో ఇంకోసారి కనిపించింది.

దీంతోపాటు ఇంకో రెండు చూడండి. ఏమీ నొక్కకుండా ఒక నిమిషం ఊరుకోండి, పిల్లలకి ఆలోచించే టైమ్ ఇస్తుందా, లేక వెంటనే 'త్వరగా, త్వరగా' అని తొందరపెడుతుందా? ఆట అయిపోయాక తనంతట తానే ఆగుతుందా, లేక అడక్కుండానే తర్వాతది మొదలుపెట్టేస్తుందా? ఆగని యాప్ చిన్నపిల్లలకి ఇవ్వకండి, వాళ్ళంతట వాళ్ళు ఆపుకోవడం ఆ వయసుకి చాలా కష్టం.

యాడ్స్ కొంచెమే వస్తున్నాయి. పర్వాలేదా?

నా మటుకు నేను పర్వాలేదనను. ఐదేళ్ళ లోపు వాళ్ళకి ఇది ఆట, ఇది ప్రకటన అని తేడా తెలియదు. అమెరికాలో ఈ వయసు పిల్లలు ఆడే 135 యాప్‌లని పరిశీలించి 2018లో ఒక అధ్యయనం వచ్చింది, 95 శాతం యాప్‌లలో ఏదో ఒక రకం ప్రకటన ఉంది. మధ్యలో వచ్చే వీడియోలు కంటికి కనిపిస్తాయి, వాటికంటే దారుణమైనవి ఆటలో కలిసిపోయినవి: తాళం వేసిన బొమ్మ మెరుస్తూ పిలవడం, కొననందుకు ఆటలోని పాత్ర మొహం వేలాడేసుకోవడం లాంటివి. తనకి ఇష్టమైన పాత్ర బాధపడుతోందంటే చిన్నపిల్లలు నిజంగానే బాధపడతారు. అలాంటి యాప్‌ని మొహమాటం లేకుండా తీసెయ్యండి. యాప్ బాగుంది, యాడ్స్ ఒక్కటే ఇబ్బంది అనుకుంటే ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టి ఇచ్చి చూడండి. నెట్ లేకుండా నడిచే ఆటల్లో యాడ్స్ చాలావరకు ఆగిపోతాయి.

తెలియకుండా డబ్బులు కట్ అయిపోయాయి. ఇలా జరక్కుండా ఎలా ఆపాలి?

ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకీ పాస్‌వర్డ్ లేదా వేలిముద్ర అడిగేలా పెట్టండి. ఐఫోన్‌లో స్క్రీన్ టైమ్‌లోకి వెళ్ళి ఇన్-యాప్ కొనుగోళ్ళని పూర్తిగా ఆపెయ్యొచ్చు. పిల్లలు ఇలా నొక్కేసిన కొనుగోళ్ళ విషయంలో 2014లో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీతో జరిగిన ఒప్పందాల్లో ఆపిల్ కనీసం 3.25 కోట్ల డాలర్లు, గూగుల్ కనీసం 1.9 కోట్ల డాలర్లు వినియోగదారులకి తిరిగి ఇవ్వాల్సి వచ్చింది. అంటే ఇది మీ ఒక్కరికే జరిగింది కాదు, మీ పెంపకంలో లోపమూ కాదు. కట్ అయిన వెంటనే స్టోర్‌లోనే రీఫండ్ అడగండి, ఆలస్యం చేస్తే కష్టమవుతుంది.

ఇంకోటి, 'ఏడు రోజులు ఫ్రీ' అని మొదలుపెట్టిన సబ్‌స్క్రిప్షన్ యాప్ తీసేసినంత మాత్రాన ఆగదు. స్టోర్‌లో సబ్‌స్క్రిప్షన్స్ అనే చోటికి వెళ్ళి విడిగా క్యాన్సిల్ చెయ్యాలి.

రంగులు వేసుకునే యాప్ లొకేషన్, మైక్, కాంటాక్ట్‌లు అడుగుతోంది. ఇవ్వాలా?

ఇవ్వకండి. అడిగినది ఆటకి పనికొస్తుందా అని మాత్రం ఆలోచించండి. పిల్లలు పైకి చదివితే విని సరిదిద్దే యాప్‌కి మైక్ కావాలి, న్యాయమే. రంగులు వెయ్యడానికి మనం ఎక్కడున్నామో ఎందుకు? 'వద్దు' నొక్కాక యాప్ మొరాయిస్తే అదే మీకు జవాబు. పేరు, పుట్టినరోజు, ఫోటో అడిగిన చోట పిల్లల అసలు వివరాలు ఇవ్వక్కర్లేదు, ముద్దుపేరు, ఏదో ఒక బొమ్మ చాలు.

ఆట మధ్యలో బయటికొచ్చేసి మా బాబు ఎవరెవరికో కాల్స్ చేసేస్తున్నాడు!

ఆండ్రాయిడ్‌లో సెక్యూరిటీ సెట్టింగ్స్‌లో యాప్ పిన్నింగ్ అని ఉంటుంది, కొన్ని ఫోన్లలో పేరు కొంచెం మారుతుంది, సెట్టింగ్స్‌లో 'పిన్' అని వెతికితే దొరుకుతుంది. ఐఫోన్, ఐప్యాడ్‌లలో యాక్సెసిబిలిటీ కింద గైడెడ్ యాక్సెస్. ఇవి పెట్టి, తీసేటప్పుడు పాస్‌కోడ్ అడిగేలా చేస్తే, మీరు అది కొట్టేదాకా తెర మీద ఆ ఒక్క యాప్ తప్ప ఇంకేదీ తెరుచుకోదు. గైడెడ్ యాక్సెస్‌లో తెర మీద ఒక మూలని వేలితో చుట్టి ఆ భాగం పనిచెయ్యకుండా కూడా చెయ్యొచ్చు, 'కొనండి' బటన్ ఉన్న మూలకి ఇది భలే ఉపయోగం.

## రోజూ వాడేటప్పుడు

నేను పక్కన కూర్చోవాలా? నా పని చేసుకోడానికే కదా ఫోన్ ఇచ్చేది!

నిజమే, పనులు ఆగవు. ప్రతిసారీ కూర్చోమని ఎవరూ చెప్పలేరు. కొత్త యాప్ వేసిన మొదటి రెండు మూడు సార్లు మాత్రం కూర్చోండి, పిల్లలకి ఎక్కడ అర్థం కావట్లేదో తెలుస్తుంది. తర్వాత పని చేసుకుంటూనే ఒక మాట వెయ్యొచ్చు: 'ఇప్పుడు ఏం కట్టావు?', 'ఆ ఏనుగు ఎందుకు ఏడుస్తోంది?' అని. వాళ్ళు మాటల్లో చెప్పబోతే చేసిందంతా బుర్రలో ఇంకోసారి తిరుగుతుంది. అసలు మీరు అడిగితే చెప్పడానికి ఏదైనా ఉండే యాప్ మంచిది, 'నొక్కుతున్నా' అని తప్ప ఇంకేం చెప్పలేకపోతే అందులో సరుకు లేనట్టే.

ఆపమంటే ఇల్లు పీకి పందిరేస్తోంది. రెండు నిమిషాల ముందే చెప్పినా అంతే.

రెండు నిమిషాల ముందు హెచ్చరించడం వల్ల గొడవ తగ్గకపోగా పెరుగుతోందని వాషింగ్టన్ యూనివర్సిటీ పరిశోధకులు 2016లో గమనించారు. ఆట తనంతట తాను ముగిసినప్పుడో, రోజూ ఒకే వరసలో జరిగే పనిలా అలవాటైనప్పుడో పిల్లలు తేలిగ్గా వదిలేశారట. కాబట్టి నిమిషాల్లో కాకుండా ఆటల్లో చెప్పండి: 'ఈ పజిల్ అయ్యాక ఫోన్ నాకిచ్చెయ్యాలి' అని. మధ్యలో లాక్కుంటే సగం కట్టిన ఇల్లు కూలిపోయినట్టే వాళ్ళకి. ఇచ్చాక చెయ్యడానికి ఏదో ఒకటి సిద్ధంగా ఉంచండి, స్నానమో, మేడ మీదికి వెళ్ళడమో, ఏదైనా సరే రోజూ అదే ఉంటే ఇంకా మంచిది. తర్వాతది దానంతటదే మొదలయ్యే ఆప్షన్ ఉంటే ఆపెయ్యండి.

ఏడుస్తుంటే ఫోన్ ఇస్తే టక్కున ఊరుకుంటాడు. తప్పా?

డాక్టర్ దగ్గర ఇంజెక్షన్‌కి ముందు, పొడుగాటి ప్రయాణంలో, ఇలా ఎప్పుడైనా ఇస్తే ఫర్వాలేదు. ఏడ్చిన ప్రతిసారీ అదే మందు అయితేనే సమస్య. మూడు నుంచి ఐదేళ్ళ పిల్లల మీద 2022లో వచ్చిన ఒక అధ్యయనంలో, ఊరుకోబెట్టడానికి తరచుగా ఫోన్ ఇచ్చిన పిల్లల్లో, ముఖ్యంగా మగపిల్లల్లో, ఇట్టే కోపం, చిరాకు రావడం తర్వాతి నెలల్లో ఎక్కువగా కనిపించింది. కోపం వచ్చినప్పుడు కాసేపటికి దానంతటదే తగ్గుతుందని వాళ్ళకి తెలియాలంటే కొన్నిసార్లు ఏడవనివ్వాలి, పక్కన మనం ఉండాలి. భోజనం దగ్గర కూడా ఫోన్ వద్దు, ఎంత తిన్నారో కడుపు నిండిందో వాళ్ళకే తెలియకుండా పోతుంది.

యాప్‌లో అక్షరాలన్నీ చెప్పేస్తోంది, పుస్తకంలో చూపిస్తే గుర్తుపట్టట్లేదు. ఎందుకు?

యాప్‌లో అక్షరం ఎప్పుడూ ఒకే రంగు, ఒకే చోటు, ఒకే పాట. పాప గుర్తుపెట్టుకున్నది బహుశా ఆ రంగునీ చోటునీ. కంగారు పడకండి, ఇది చాలా మామూలు. ఆ రోజు యాప్‌లో వచ్చిన ఒకే ఒక్క అక్షరాన్ని బయట వెతికించండి, క్యాలెండర్ మీద, బస్సు మీద, తన పేరులో. 'మన ఇంట్లో మ ఎక్కడెక్కడ ఉంది?' అంటే పరిగెడతారు. ఇలా బయటికి వచ్చిన అక్షరమే వచ్చినట్టు లెక్క.

తెలుగు అక్షరాలు యాప్‌లో వేలితో దిద్దిస్తే సరిపోతుందా?

అక్షరం రూపం, ఎటు నుంచి ఎటు తిప్పాలో తెలియడానికి సరిపోతుంది. రాయడానికి సరిపోదు, పెన్సిల్ పట్టు, ఒత్తిడి, గీత మీద నిలపడం ఇవన్నీ కాగితం మీదే వస్తాయి. తెలుగు యాప్ ఎంచుకునేటప్పుడు మూడు పరీక్షలు పెట్టండి. 'అ'ని కావాలని వెనక నుంచి దిద్దండి, ఒప్పేసుకుంటే ఆ యాప్ దిద్దించట్లేదు, రంగు పూయిస్తోంది. ల, ళ, న, ణ, శ, ష ఎలా పలుకుతోందో వినండి, ఒకేలా పలికితే వదిలెయ్యండి, ఎందుకంటే చిన్నప్పుడు చెవిన పడ్డదే నాలుక మీద నిలుస్తుంది. మూడోది గుణింతాలు: క, కా, కి అని పాటలా పాడించి వదిలేస్తోందా, లేక ఆ గుర్తులతో చిన్న మాటలు కట్టిస్తోందా చూడండి.

కథల యాప్‌లో ప్రతిదీ నొక్కితే కదులుతుంది. పిల్లలకి తెగ నచ్చింది. మంచిదేనా?

కదిలేది కథకి సంబంధించినదైతే మంచిదే. కుందేలు బావిలోకి తొంగిచూసే చోట కుందేలుని నొక్కితే అది తొంగిచూసిందనుకోండి, కథ ఇంకా బాగా అర్థమవుతుంది. అదే పేజీలో మేఘం తుమ్మి, చెట్టు నాట్యం చేసి, సీతాకోకచిలుక మాయమైతే కుందేలు సంగతి గాలికి పోతుంది. పేజీ అయ్యాక 'ఇప్పుడు ఏం జరిగింది?' అని అడిగి చూడండి.

ఒకే ఆట పట్టుకుని వదలట్లేదు. కొత్తవి వెయ్యాలా?

వద్దు. చిన్నపిల్లలు చేసిందే చెయ్యడంలోనే నేర్చుకుంటారు. ఆడే తీరు కొంచెం కొంచెం మారుతోందా లేదా అన్నది మాత్రం గమనించండి.

## మార్చేటప్పుడు, తీసేసేటప్పుడు

ఒక యాప్ తీసెయ్యాలని ఎప్పుడు తెలుస్తుంది?

తెర వైపు చూడకుండానే వేలు ఆడిస్తున్నప్పుడు. నాణేలు, స్టిక్కర్లు ఎన్ని వచ్చాయో తప్ప ఆటలో ఏముందో చెప్పలేనప్పుడు. ఆడినంతసేపూ బాగుండి, ఆపాక ప్రతిసారీ చిరాకుగా ఉంటున్నప్పుడు. ఒక అప్‌డేట్ తర్వాత యాడ్స్ మొదలైనప్పుడు, ఇది చాలా తరచుగా జరుగుతుంది, అందుకే ఎప్పుడో చూసి సరే అన్న యాప్‌ని నెలకోసారి మీరే తెరిచి ఐదు నిమిషాలు ఆడండి.

ఫోన్‌లో పిల్లల యాప్‌లే పదిహేను ఉన్నాయి. ఎన్ని ఉంచాలి?

మూడో నాలుగో చాలు. ఏదైనా తయారుచేసేది ఒకటి, బొమ్మో కథో. ఆలోచింపజేసేది ఒకటి. చదివి వినిపించేది ఒకటి. మరీ ఎక్కువ ఉంటే రెండు నిమిషాలు ఇది, రెండు నిమిషాలు అది అయిపోతుంది, దేంట్లోనూ కష్టమైన చోటు దాకా వెళ్ళరు.

ఇంట్లో మూడేళ్ళ పాప, ఆరేళ్ళ బాబు. ఇద్దరికీ ఒకే యాప్ నడుస్తుందా?

విడివిడిగా ప్రొఫైల్ పెట్టుకునే వీలుంటే నడుస్తుంది, లేకపోతే అన్నయ్య దాటిన మెట్టు చెల్లెలికి వచ్చి ఏడుపు మొదలవుతుంది. బొమ్మలు వేసే యాప్, కథలు తయారుచేసే యాప్ అయితే వయసు తేడా పెద్దగా అడ్డు రాదు. అన్నయ్య ఆదేశాలు పేరుస్తాడు, చెల్లెలు ఏ జంతువు కావాలో ఏ రంగు వెయ్యాలో చెబుతుంది, ఫోన్ మాత్రం వంతులవారీగా ఒకరి చేతిలోనే ఉండాలని ముందే మాట తీసుకోండి.